మూడోనాడు ఇచ్చిన చీటీ

నాయుడుపేట,
9 జూన్ 2024

అక్కకు శేఖర్ రాస్తున్నాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. వెంటనే జవాబు రాయలేదని ఏమీ అనుకోవద్దు. ఈ మధ్య కీబోర్డు మీద కూడా వేళ్ళు నిలవడం లేదు. ఒక అక్షరం కోసం మూడుసార్లు కొట్టాల్సి వస్తోంది. ఫోన్లో మెసేజ్ పెట్టమంటావు గానీ, ఆ చిన్న అక్షరాల మీద నేను ఒకచోట నొక్కితే వేలు ఇంకోచోట పడుతుంది. మాట్లాడటం సంగతి నీకు తెలిసిందే. నీ గొంతేనని తెలుస్తుంది, మాట మాత్రం విడిపడి వినిపించదు. అందుకే ఫ్యాక్టరీలో అందరూ భోజనానికి పోయినప్పుడు స్టోర్సులో కూర్చుని కొంచెం కొంచెంగా ఇది కొట్టి, ప్రింటు తీస్తున్నాను. చెవిటి పిల్లల హాస్టల్లో ఉన్నప్పటి నుంచి మనకు ఉత్తరాలే అలవాటు కాబట్టి సరిపోయింది.

బాగా అలసిపోతున్నానక్కా. మెడ నొప్పి ఉగాది అప్పటికంటే ఎక్కువైంది. ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మారిన ప్రతిసారీ అదే కథ. నా నడక చూసి, "ఏమప్పా, పొద్దన్నే ఏసుకొనొచ్చినావా?" అని నోరు వాసన చూస్తాడు. పోయిన వారం వచ్చిన కొత్తాయనకు కార్డు చూపించి, అంతా వివరించి చెప్పే ఓపిక లేక, నోరు తెరిచి ఊరికే నిలబడ్డాను.

అమల పట్టుబట్టి తిరుపతిలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె మంచి మనిషి. నాతో అన్నీ కాగితం మీద రాసి మాట్లాడింది. పైకి చూడమంది. తల ఎత్తాను. "తల కాదు, కళ్ళు మాత్రం" అని రాసింది. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. నా కళ్ళు పైకి పోవన్న సంగతి నాకు ముప్పై రెండేళ్ళకు తెలిసింది, చూడు. నా చెవుల్లో లోపం లేదట. చెవి నుంచి మెదడుకు పోయే దారిలోనే మాట చెదిరిపోతోందట. మెడ నొప్పి కూడా ఇన్నేళ్ళుగా తల అదుపు లేకుండా మెలితిరగడం వల్లనే అంటోంది.

తరువాత రెండు ప్రశ్నలు రాసింది. "పుట్టిన వారంలో పచ్చకామెర్లు వచ్చాయా? పాలపళ్ళు ఏ రంగులో ఉండేవి?" అమ్మా నాయనా లేరు, అక్కను అడిగి చెబుతానన్నాను. నీకు గుర్తున్నంత వరకు రాయి. అమల ఎప్పుడూ అడుగుతూ ఉండే మునికృష్ణ బావకు, పిల్లలకు మేమిద్దరం అడిగామని చెప్పు.

శేఖర్


కార్వేటినగరం,
17 జూన్ 2024

శేఖరా,

నీ ఉత్తరం అందింది. మెడకు నువ్వులనూనె కాచి పట్టించమని అమలకు చెప్పు. అన్నిటికీ మందులు మింగితే కడుపు చెడిపోతుంది.

ఇక్కడ ఎండాకాలం సెలవుల తరువాత అంగన్‌వాడీ తెరిచారు. తెరిచిన రోజు నుంచీ పని ఎక్కువైంది. పిల్లల బరువు తూచి ఫోన్లో ఎక్కించాలి, తిన్న గుడ్డు ఫోన్లో ఎక్కించాలి, నెట్‌వర్క్ లేకపోతే చెట్టు కిందికి పోయి ఎక్కించాలి. ఈ నెల మూడు కాన్పులు. బాలింతల ఇళ్ళకు రోజూ పోయి వస్తున్నాను. పోవాల్సిన అవసరం లేని రోజు కూడా పోతానని సూపర్‌వైజరమ్మ నవ్వుతుంది. మామిడికాయల ధర ఈసారి కూడా పడిపోయింది. మీ బావ తోట వైపు చూడటమే మానేశాడు.

నువ్వు అడిగిన దానికి. నువ్వు పుట్టినప్పుడు కామెర్లు, గీమెర్లు ఏమీ లేవు. పాలపళ్ళు బియ్యపుగింజల్లా తెల్లగా ఉండేవి. ఉయ్యాల్లోంచి పడ్డావని అమ్మ చెప్పేది గదా, అంతే. ఎప్పుడో జరిగినదాన్ని ఇప్పుడు తవ్వితే మెడ నొప్పి తగ్గుతుందా? డాక్టర్లకేమి, అడుగుతూనే ఉంటారు.

ఒళ్ళు జాగ్రత్త.

అలివేలు


నాయుడుపేట,
21 జూలై 2024

అక్కకు,

ఈసారి ముందు మంచి మాట చెబుతాను. అమలకు మూడో నెల. పెళ్ళైన నాలుగేళ్ళకు. రిపోర్టు వచ్చిన రోజు ఇద్దరం దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాం. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది. నా చెయ్యి ఎప్పటిలాగే మెలితిరుగుతూనే ఉంది, ఆమె వదల్లేదు.

ఇక మిగతాది. నువ్వు రాసింది డాక్టరమ్మకు చూపించాను. ఆమె, ఉయ్యాల్లోంచి పడితే ఇలాంటి లక్షణాలన్నీ కలిసి రావని రాసింది. కామెర్లు నిజంగా రాకపోయుంటే ఇది పుట్టుకతో, వంశంలో వచ్చినది కావచ్చట. రక్తం తీసి వేరే ఊరికి పరీక్షకు పంపాలి. ఫలితం రావడానికి రెండు నెలలు పైనే పడుతుంది. అప్పటికి అమలకు ఐదో నెల దాటిపోతుంది, కడుపు ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించే సమయం ఉండదు.

ఆ రోజు మా అత్త కూడా మాతో వచ్చింది. నిర్మలమ్మ అత్త చెడ్డ మనిషి కాదని నీకు తెలుసు. మా పెళ్ళికి అందరూ వద్దన్నప్పుడు ఒప్పుకున్నది ఆమే. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. మన చిన్నాయన మునివెంకటప్ప చెయ్యి వంకరగా ఉండటం పెళ్ళిలో చూసిందట. అమలతో, "ఆ ఇంట్లో ఇద్దరికి ఉండాది గదమ్మా. మూడోదానికి రాదని ఎవురు రాసిస్తారు? నువ్వు ఒకరికి చేసేదానికే నడుం ఇరగతాండాది" అని ఏడ్చింది. అమల నాకు ఆ మాటలు రాసి చూపించలేదు. నేనే అడిగి అడిగి రాయించుకున్నాను.

అత్త మాటలో తప్పేముంది అక్కా? చొక్కా గుండీలు ఇప్పటికీ అమలే పెడుతుంది. నా పళ్ళెంలో అన్నం ఆమే కలుపుతుంది. నాలాంటి బిడ్డను ఇంకొకరిని చూసుకుంటూ ఆమె ముసలిదైపోవడం నేను చూడలేను.

ఇంకోసారి అడుగుతున్నాను. బాగా గుర్తు తెచ్చుకో. కామెర్లు రాలేదా?

శేఖర్


కార్వేటినగరం,
28 జూలై 2024

శేఖర్‌కు,

బిడ్డ సంగతి విని సంతోషపడే లోపలే మిగతాది చదివాను. పోలీసులు అడిగినట్టు అడిగిందే అడుగుతున్నావు. ఒకసారి చెప్పింది చాలదా? నేనేదో దాస్తున్నానని అమల అంటోందా, వాళ్ళమ్మ అంటోందా? నిన్ను ఎత్తుకుని పెంచింది ఎవరు? బడి మానేసి నీకు ముద్దలు పెట్టింది ఎవరు? ఈ రోజు నన్ను బోనులో నిలబెడుతున్నావు.

చిన్నాయన చెయ్యి సంగతి మీ అత్తకు చెప్పు. పదహారేళ్ళప్పుడు చింతచెట్టు మీది నుంచి పడ్డాడు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చారు. నెల రోజులు విప్పొద్దన్నారు. మేనమామ పెళ్ళిలో పలక డప్పులు కొట్టాలని పన్నెండో రోజే తనే కోసి పారేశాడు. ఎముక వంకరగా అతికింది. ఇది వంశంలో వచ్చిన జబ్బా? ఆయన కొడుకులు ముగ్గురూ ఎద్దుల్లా ఉన్నారు.

తొందరపడి ఏమీ చేయవద్దు. దేవుడు ఇచ్చిన బిడ్డ.

అక్క


నాయుడుపేట,
4 ఆగస్టు 2024

అక్కకు,

నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. నేనడిగింది డాక్టరు కోసమే. నీకు కోపం ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇక అడగను.

ఇక్కడి నర్సింగ్‌హోములో పద్నాలుగో తేదీ ఉదయం రమ్మన్నారు. అమలను అడిగాను. "నీ ఇష్టం" అని రాసి పెన్ను మూత పెట్టేసింది. ఆ రోజుకు సెలవు పెట్టాను. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

శేఖర్


కార్వేటినగరం,
8 ఆగస్టు 2024

శేఖరా,

ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే పద్నాలుగో తేదీ లోపల చేరుతుందో లేదో. ఇందులో ఏముందో ఆయనకు తెలియదు. చివరి దాకా చదివిన తరువాత నన్ను ఏమనాలో అను.

నువ్వు పుట్టిన మూడో రోజున నీకు పచ్చకామెర్లు వచ్చాయి.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. జనవరి నెల, బెల్లం వండే రోజులు. నాయన గానుగ దగ్గరే ఉన్నాడు. అమ్మకు కాన్పు జ్వరం, ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. అవ్వ పొలానికి పోయింది. నర్సు శాంతమ్మ వచ్చి నిన్ను వాకిట్లో వెలుతురుకు తెచ్చింది. నుదుటి మీద వేలితో నొక్కి తీసింది. తరువాత గుండె మీద, ఆ తరువాత మోకాలి కింద. వేలు తీసిన చోటల్లా పసుపు తేలింది. ఆమె ముఖం మారిపోయింది.

"మే, మీ నాయన యాడుండాడు? బిడ్డను ఈ పొద్దే తిరపతి పెద్దాసుపత్రికి తీసకపోవాల. రేపంటే కుదరదు. మీయమ్మది నెగటివ్ రక్తం, అది బిడ్డకు పడలేదు. నువ్వు గానుగ కాడికి పరిగెత్తి ఈ చీటీ మీ నాయన చేతిలో పెట్టు" అని చెప్పింది. ఇంకో ఊర్లో కాన్పు ఉందని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు చిత్తూరులో ఖోఖో పోటీలు. మా బడి నుంచి తొమ్మిదిమందిని ఎంచితే అందులో నేనున్నాను. నేను చిత్తూరు చూడటం అదే మొదటిసారి అయ్యేది. అంతకు రెండేళ్ళ ముందు, నీకన్నా ముందరి బిడ్డ పోయిన కాన్పుకు అమ్మ తిరుపతి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పదహారు రోజులు నేను బడి మానేసి బర్రెను చూసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. అదంతా గుర్తొచ్చింది. ఒక్కరోజే గదా, పోటీల నుంచి వచ్చి చెబుదాం అనుకున్నాను. చీటీని లెక్కల నోటుబుక్కులో పెట్టాను.

మేము గెలిచాం. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నువ్వు విల్లులా వెనక్కి వంగిపోయి ఉన్నావు. ఏడుపు బిడ్డ ఏడుపులా లేదు, సన్నగా, కీచుగా ఉంది. పాలు పట్టడం మానేశావు. నాయన నిన్ను గుడ్డలో చుట్టుకుని బస్సు ఎక్కాడు. తిరుపతిలో నీ రక్తం తీసి వేరే రక్తం ఎక్కించారు. ప్రాణం నిలిచింది. "నిన్న తెచ్చింటే బిడ్డ బాగుండేవాడు" అన్నారట. నాయన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చీటీ అప్పటికే పొయ్యిలో వేసేశాను.

"నీ రక్తమే బిడ్డకు విషమైంది" అని అవ్వ అమ్మను పొడిచేది. ఆ మాట పడలేక అమ్మ ఉయ్యాల కథ కల్పించింది. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పి చెప్పి, చివరికి అదే నిజమైపోయింది. శాంతమ్మ మళ్ళీ వచ్చిన రోజు నేను ఇంట్లో లేకుండా పోయాను. చీటీ సంగతి ఆమె అమ్మకు చెప్పిందో లేదో తెలియదు. అమ్మ చనిపోయే దాకా నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నీ పాలపళ్ళు తెల్లగా లేవు. పాచి పట్టిన రాయిలా ఆకుపచ్చగా ఉండేవి. పిల్లలు వెక్కిరిస్తారని నువ్వు నోరు మూసుకుని నవ్వేవాడివి. అంగన్‌వాడీ పనికి ఎందుకు చేరానో, బాలింతల ఇళ్ళకు రోజూ ఎందుకు పోతానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊర్లో పుట్టిన ప్రతి బిడ్డ నుదుటినీ నొక్కి చూస్తున్నాను. ఎంతమందిని చూసినా నా మనసు నిలవలేదు.

నీ జబ్బు వంశంలో వచ్చింది కాదు. నేను ఆ చీటీ ఇవ్వనందుకు వచ్చింది. నీ బిడ్డకు రాదు. పద్నాలుగో తేదీ మీరు అక్కడికి పోవద్దు. ఈ కాగితం డాక్టరమ్మకు చూపించు, మీ అత్తకు చూపించు, ఎవరికి చూపించినా సరే.

అలివేలు


కార్వేటినగరం,
2 సెప్టెంబరు 2024

శేఖరా,

మూడు వారాలు దాటింది. నువ్వు తలుపు దగ్గరే నిలబడి ఉత్తరం చదివి, లోపలికి పోయి మళ్ళీ బయటికి రాలేదని మీ బావ చెప్పాడు. ఆయన అరుగు మీద గంటసేపు కూర్చుని, మీ అత్త ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాడు. "ఏం రాసినావే వాడికి?" అని అడిగాడు. చెప్పేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో అవసరమైన మాటలే.

అమలకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పద్నాలుగో తేదీ ఏం జరిగిందో తెలియదు. బిడ్డ పోయి ఉంటే, అది కూడా నా మీదే రాసుకుంటాను. ఉందా లేదా అని ఒక్క మాట రాయి. నాతో మాట్లాడవద్దు, ఆ ఒక్క మాట చాలు.

అక్క


నాయుడుపేట,
15 సెప్టెంబరు 2024

అక్కకు,

బిడ్డ ఉంది. ముందే రాసి ఉండాల్సింది. మెడకు పట్టీ వేశారు, చెయ్యి కదపొద్దన్నారు. అది ఒక కారణం. రాయబుద్ధి కాకపోవడం ఇంకో కారణం. ఫోన్ ఎత్తవద్దని అమలకు చెప్పింది నేనే.

పద్నాలుగో తేదీ నర్సింగ్‌హోముకు పోలేదు. ఆ ఉదయమే బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కాం. డాక్టరమ్మ నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. అన్నీ సరిపోయాయట, చెవి, కన్ను, పళ్ళు, మెడ, అన్నీ ఆ మూడో రోజు నుంచే. ఇది బిడ్డకు దిగి వచ్చేది కాదని మా అత్తకు అర్థమయ్యేలా చెప్పింది. అమల రక్తం పాజిటివ్ కాబట్టి అమ్మకు వచ్చిన ఇబ్బంది కూడా లేదు. అత్త అక్కడే కూర్చుని అమల కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. కుర్చీలోనే నిద్రపోవాలనిపించింది.

అక్కా, ఆ పన్నెండేళ్ళ పిల్ల మీద నాకు కోపం రాలేదు. రావాలని నిన్న మొన్నటి దాకా చూశాను. ఆ వయసులో బర్రెను, జ్వరంతో ఉన్న తల్లిని, చచ్చిబతుకుతున్న బిడ్డను ఒక పిల్ల చేతిలో పెట్టి అందరూ వాళ్ళ వాళ్ళ పనుల్లోకి పోయారు. నా కోపం నలభై నాలుగేళ్ళ మనిషి మీద. జూన్‌లో నేనడిగినప్పుడు "బియ్యపుగింజల్లా తెల్లగా" అని రాశావు. ఆ ఒక్క మాట పట్టుకుని మేము ఎక్కడి దాకా పోయామో తెలుసా? అమల ఆ వారం రోజులూ కడుపు మీద చెయ్యి వెయ్యకుండా పడుకుంది.

దాన్ని మరిచిపోవడానికి నాకు టైము కావాలి. క్షమించడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి, నాకిప్పుడు లేదు. కొన్నాళ్ళు రాయవద్దు. మునికృష్ణ బావతో మాత్రం మామూలుగా ఉండు. ఆయన మంచివాడు, తొందరలోనే దిగివస్తాడు.

శేఖర్


కార్వేటినగరం,
20 జనవరి 2025

శేఖరా,

రాయవద్దన్నావు, నాలుగు నెలలు రాయలేదు. కాన్పు దగ్గరపడింది కాబట్టి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. జవాబు అక్కరలేదు.

మూడో రోజు, నాలుగో రోజు చాలా ముఖ్యం. పగటి వెలుతురులో చూడండి. ముఖం వరకే పసుపుంటే కూడా డాక్టరుకు చెప్పండి, కాళ్ళ దాకా దిగితే ఒక్క నిమిషం ఆగవద్దు. "ఎండలో పెడితే పోతుంది" అని ఎవరన్నా వినవద్దు, రక్తపరీక్ష చేయమను. బిడ్డ పాలు సరిగా తాగకుండా నిద్రపోతుంటే మంచి బిడ్డ అని మురిసిపోవద్దు, లేపండి. నువ్వు కూడా అట్లాగే నిద్రపోయావు.

అక్క


తిరుపతి,
16 ఫిబ్రవరి 2025

అక్కకు,

ఆడబిడ్డ. ఏడో తేదీ పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఇది అమల రాస్తోంది, నేను పక్కన కూర్చుని చెబుతున్నాను. వదిన ఉత్తరం ఆసుపత్రికి తెచ్చుకుని దిండు కిందే పెట్టుకున్నానని అమల తన మాటగా రాస్తోంది.

మూడో రోజు పొద్దున బిడ్డ ముఖం నాకు పసుపుగా కనిపించింది. అమల నుదుటి మీద నొక్కి చూసింది. అత్త, "బిడ్డ బంగారు రంగులో ఉండాదిలే" అంది. వార్డులో నర్సమ్మ ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. కాగితం ఇస్తే, "ఏం లేదు, పొద్దున ఎండలో పెట్టండి" అని రాసింది. నేను కదల్లేదు. అదే కాగితం కింద, "రక్తం తీయండి. నంబరు చెప్పండి" అని రాశాను. నా చేతిరాత తెలుసు కదా, అరపేజీ నిండింది. ఆమె విసుక్కుని అటు పోయింది. నేను ఆమె వెంట నడిచాను. నా నడక చూసి అందరూ తిరిగి చూశారు. తాగి వచ్చాడనుకున్నా సరేనని పెద్ద డాక్టరు గది ముందు నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి నా ముఖం వైపు, చేతుల వైపు చూశాడు. ఏం జరిగిందని చేత్తో సైగ చేసి అడిగాడు. "నాకు ఆలస్యమైంది" అని నోటితోనే చెప్పాను. నా మాట కొత్తవాళ్ళకు అర్థం కాదు గదా. ఆయనకు అర్థమైంది.

రక్తంలో కామెర్ల నంబరు పద్దెనిమిది వచ్చింది. వెంటనే కళ్ళకు గంతలు కట్టి నీలం లైటు కింద పెట్టారు. రెండు రోజులు. నేను ఆ అద్దాల పెట్టె పక్కనే బల్ల మీద కూర్చున్నాను. మెడ నొప్పికి మాత్రలు వేసుకున్నా కూర్చోలేకపోయాను, అయినా లేవలేదు. పద్దెనిమిది పద్నాలుగైంది, పద్నాలుగు తొమ్మిదైంది. నిన్న తలకు వైర్లు అంటించి చెవి పరీక్ష చేశారు. శబ్దం చెవి నుంచి మెదడు దాకా పోతోందో లేదో చూసే పరీక్ష. రెండు వైపులా బాగుంది. రేపు ఇంటికి పంపుతామన్నారు.

నా సంగతి మామూలే. మెడకు ఆపరేషన్ చేయాలంటున్నారు, వేసవిలో చూద్దామన్నాను. చేసినా నొప్పి ముదరకుండా ఆగుతుందే గానీ, పోయినది రాదు. నీ మీద కోపం పోయిందా అంటే, నాకే తెలియదు. కొన్ని రోజులు ఉండదు, కొన్ని రోజులు ఉంటుంది. ఆ పెట్టె పక్కన కూర్చున్న రెండు రోజులూ మాత్రం నీ గురించే అనుకున్నాను. ఇద్దరం కలిసి కూర్చుని ఉంటే బాగుండుననిపించింది. ఒక్కడికి చాలా బరువుగా ఉండింది.

ఇరవై ఏడో తేదీ పేరు పెడుతున్నాం. మునికృష్ణ బావ, నువ్వు ముందురోజే రండి. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తేనట. గట్టిగా చెప్పాల్సిన పని లేదు అక్కా. మెల్లగా చెప్పు చాలు, దానికి వినిపిస్తుంది.

శేఖర్, అమల